పెట్టె గట్టిదే, మాట సంగతి ఏమిటి?

పుష్కరాలలో స్నానఘట్టం దగ్గర నిలుచున్న కానిస్టేబులు భుజం మీదను, గూడ్సుబండి చివరి పెట్టెలో కూర్చున్న గార్డు చేతిలోను, ఆనకట్ట పని జరిగేచోట సూపర్వైజరు నడుముకును ఒక నల్లని చిన్నపెట్టె కనబడుతుంది. పైన బొటనవ్రేలంత లావుగల రబ్బరు తొడుగు వేసిన ఏరియల్, ప్రక్కన ఒక మీట. మీట నొక్కి మాట్లాడతారు, వదలి వింటారు. దీనినే జనం వాకీటాకీ అంటున్నారు. ప్రేషకము, గ్రాహకము రెండూ ఒకే పెట్టెలో ఇమిడిన చేతి రేడియో ఇది.

ఒకప్పుడు సైన్యానికి, పోలీసులకు మాత్రమే దొరికిన ఈ సాధనం ఇప్పుడు అంగడి సరుకు అయినది. కొండలెక్కే విద్యార్థులు, పెళ్ళిపందిళ్ళ కాంట్రాక్టర్లు, చేపలవేటకు పోయే పడవలవారు దానిని కొంటున్నారు. కొనేవారికి అమ్మేవారు మూడు మాటలు చెపుతారు. క్రింద పడినా పగలదు. నీట మునిగినా చెడదు. ముప్ఫై కిలోమీటర్ల దూరం వినబడుతుంది. వీటిలో మొదటి రెండూ చాలావరకు నిజం. మూడవది చాలావరకు అబద్ధం. చిక్కేమిటంటే, మొదటి రెంటినీ కంటితో చూచి నమ్మిన మనిషి మూడవదానిని కూడా అదే నమ్మకంతో ఒప్పుకొంటాడు. గోడకేసి కొట్టినా పగలని వస్తువు తన మాటను కూడా అంత భద్రంగానే మోసుకుపోతుందని అనుకొంటాడు. పెట్టె దృఢత్వానికీ, మాట చేరడానికీ ఉన్న సంబంధం అతడు ఊహించినదానికంటె చాలా తక్కువ.

ఈ తారుమారు యంత్రం పుట్టినప్పటినుంచీ ఉన్నదే. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులు రెండు రకాల రేడియోలను మోశారు. ఎస్.సి.ఆర్. 536 అనే చేతిపెట్టెను షికాగోలోని గాల్విన్ కంపెనీ తయారుచేసింది. అదే 1947లో మోటరోలాగా పేరు మార్చుకొన్నది. బరువు రెండుంబావు కిలోలు, లోపల అయిదు వాల్వులు. దీనికి వేరే స్విచ్చి లేదు. ఏరియల్‌ను బయటికి లాగితే పనిచేస్తుంది, లోపలికి తోస్తే ఆగుతుంది. తుపాకిగుండ్ల నడుమ వ్రేళ్ళు వణికే మనిషికి ఇంతకంటె తేలికైన అమరిక ఉండబోదు. పరికరాల రూపకల్పనలో మెచ్చుకోదగిన ఆలోచన ఇది. కాని దాని తరంగాల సంగతి చూడండి. అది 3.5 నుంచి 6 మెగాహెర్ట్జుల మధ్య పనిచేసేది. 5 మెగాహెర్ట్జుల దగ్గర తరంగదైర్ఘ్యం 60 మీటర్లు. ఏరియల్ బాగా పనిచేయాలంటే అందులో నాలుగవ వంతు, అంటే 15 మీటర్ల పొడవు ఉండాలి. ఆ పెట్టెకు ఉన్నది సుమారు ఒక మీటరు. కాబట్టి బ్యాటరీ ఇచ్చిన శక్తిలో గాలిలోకి వెళ్ళేది బహుస్వల్పం. నేలమీద ఒక మైలు దూరం మాట వినిపిస్తే అదృష్టమే.

రెండవది ఎస్.సి.ఆర్. 300. పదిహేను కిలోల మూట, వీపున కట్టుకోవలసినది. నిజానికి వాకీటాకీ అనే పేరు దీనిదే. చేతిపెట్టెను ఆనాడు హాండీటాకీ అనేవారు. ఇది 40 నుంచి 48 మెగాహెర్ట్జులలో పనిచేసేది. తరంగదైర్ఘ్యం ఏడు మీటర్లకు దిగివచ్చింది కనుక మనిషి మోయగల ఏరియల్ దానికి అంత కురచ కాలేదు. పైగా ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన పౌనఃపున్య మాడ్యులేషన్, అంటే ఎఫ్.ఎం. పద్ధతిని దీనిలో వాడారు. యుద్ధకాలంలో తన పేటెంట్లకు ప్రతిఫలం తీసుకోకుండా సైన్యానికి ఇచ్చినవాడు ఆర్మ్‌స్ట్రాంగ్. ఇంజను మంటల చిటపటలు, మెరుపుల గరగరలు తొలగి మాట తేటగా వినబడింది. దూరం మూడు మైళ్ళయింది. చేతిపెట్టె ఒడుపులో గెలిచింది, వీపుమూట మాటలో గెలిచింది. ఆ రెంటినీ ఒకచోట చేర్చడానికి ట్రాన్సిస్టరు రావలసివచ్చింది.

నేటి పెట్టె గట్టితనాన్ని ఏ ప్రమాణంతో కొలుస్తారో తెలుసుకోవడం మంచిది. పెట్టెమీద ఐ.పి. 67 అని అచ్చువేసి ఉంటుంది. మొదటి అంకె ధూళికి, రెండవది నీటికి. 6 అంటే ధూళి లోపలికి పోదు. 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి హానిచేసేంత నీరు చేరదు. అది కదలని మంచినీరు అని గుర్తుంచుకోవాలి. సముద్రపు ఉప్పునీరు వేరు. పైనుంచి ధారగా కొట్టే నీరు వేరు, దానికి ప్రత్యేకమైన అంకె ఉన్నది. అదీగాక ఆ పరీక్ష జరిగినది కొత్త పెట్టెకు. రెండేళ్ళ ఎండకు రబ్బరు వలయం గట్టిపడి బీటలువారిన తరువాత, ఇయర్‌ఫోను తగిలించే రంధ్రం మూత ఊడిపోయిన తరువాత, ఊరి మెకానిక్ మరమేకులు విప్పి మళ్ళీ బిగించిన తరువాత, అచ్చువేసిన అంకె అలాగే ఉంటుంది, పెట్టె మాత్రం అలా ఉండదు.

మిల్-ఎస్.టి.డి. 810 అనే అమెరికా సైనిక ప్రమాణం కథ ఇంకా చిత్రమైనది. 1962లో వెలువడి ఎన్నోసార్లు సవరించబడిన గ్రంథం అది. అందులో ఒక పరీక్ష ప్రకారం వస్తువును 122 సెంటీమీటర్ల ఎత్తునుంచి 26 సార్లు పడవేస్తారు. పెట్టెకు ముఖాలు ఆరు, అంచులు పన్నెండు, మూలలు ఎనిమిది, మొత్తం ఇరవైయారు. లెక్క చక్కగానే ఉన్నది. అయితే ఈ ఇరవైయారు పాట్లూ ఒకే పెట్టె పడనక్కరలేదు. అయిదు పెట్టెలదాకా పంచుకోవచ్చు. ఒక్కొక్కటి అయిదారుసార్లు పడితే సరిపోతుంది! అమ్మకపు సరుకుకు ఈ ప్రమాణం ప్రకారం యోగ్యతాపత్రం ఇచ్చే ప్రభుత్వసంస్థ ఏదీ లేదు. ఏ పరీక్షలు జరిపినదీ తయారీదారు చెప్పవలెను, కొనేవారు అడగవలెను. ఇది మోసమని అనడం న్యాయం కాదు. మంచి కంపెనీలు చేతి రేడియోలను నిజంగానే గట్టిగా తయారుచేస్తున్నవి. సిమెంటు నేలమీద పడి మూల చెక్కుకుపోయిన పెట్టెలు ఏళ్ళ తరబడి పనిచేస్తూనే ఉంటవి. ఆ శ్రద్ధకు మెచ్చుకోవలసిందే.

ఇక దూరం సంగతి. 150 మెగాహెర్ట్జులు, 450 మెగాహెర్ట్జుల ప్రాంతాలలో పనిచేసే ఈ రేడియోల తరంగాలు కాంతివలె ఇంచుమించు సూటిగా పోతవి. భూమి గుండ్రమైనది కనుక కొంతదూరం పోయాక దిగంతం అడ్డం వస్తుంది. వాతావరణం తరంగాలను కొంచెం వంచడంవల్ల ఆ దూరం కంటిచూపుకంటె కాస్త ఎక్కువ. ఏరియల్ ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో రేడియో దిగంతం వస్తుంది. మనిషి నోటిదగ్గర పెట్టుకొన్న పెట్టె ఎత్తు మీటరున్నర అనుకొంటే అది అయిదు కిలోమీటర్లు. ఎదుటివానికి కూడా అయిదు. ఇద్దరికీ కలిపి పది. ఇది చెట్టు, గోడ, గట్టు ఏదీ లేని సమతలం మీద, లేదా ప్రశాంతమైన సముద్రం మీద వచ్చే లెక్క. ఊళ్ళో ఇళ్ళ మధ్య రెండు కిలోమీటర్లు చేరితే చాలు అనుకోవాలి. మరి ముప్ఫై కిలోమీటర్ల మాట ఎక్కడిది? అది కొండ మీదనుంచి లోయలోకి మాట్లాడినప్పటి దూరం. విశాఖ తీరాన నూరు మీటర్ల ఎత్తు కొండమీద ఒకడు, సముద్రంలో పడవమీద మరొకడు ఉంటే 41కి 5 కలిపి 46 కిలోమీటర్ల దాకా అవకాశం ఉన్నది. అదే ఇద్దరూ చెరొక పడవలో ఉంటే మళ్ళీ పదే. అమ్మేవాడు చెప్పిన అంకె కొండది; కొన్నవాడు నిలుచున్నది పడవలో.

శక్తి పెంచితే దూరం పెరుగుతుందని మరొక భ్రమ. అర వాటు పెట్టె బదులు అయిదు వాట్ల పెట్టె కొంటే శక్తి పదిరెట్లు. అడ్డేమీ లేని ఆకాశంలో దూరం మూడురెట్లకు కొంచెం పైన పెరుగుతుంది. నేలకు దగ్గరగా అయితే, సూటిగా వచ్చే తరంగమూ, నేలను తాకి పైకి లేచే తరంగమూ ఒకదానినొకటి హరించుకోవడంవల్ల, రెండురెట్లు కూడా పెరగదు. దిగంతం దాటాక ఎన్ని వాట్లు పోసినా దాదాపు నిష్ప్రయోజనం. అదే పడవలో తొమ్మిది మీటర్ల వాసానికి ఏరియల్ కట్టి తీగతో క్రిందికి దింపితే, ఒక్కొక్క పడవకు దిగంతం పన్నెండు కిలోమీటర్లు దాటి, రెండు పడవల మధ్య పాతిక కిలోమీటర్ల దాకా సాగుతుంది. అయిదు వాట్ల ఖరీదైన పెట్టె చేయలేని పని వెదురువాసం చేస్తుంది. దీనిని ఏ ప్రకటనలోను చెప్పరు. వెదురు అమ్మడం రేడియో కంపెనీల వ్యాపారం కాదు గదా.

మనిషి శరీరం కూడా ఒక అడ్డే. ఉప్పునీటితో నిండిన కుండవంటిది అది. పెట్టెను నడుముకు తగిలించుకొని భుజంమీది మైకులో మాట్లాడేవాడు ఏరియల్‌ను తన ఒంటికే ఆనించి ఉంచుతున్నాడు. తరంగశక్తిలో పెద్దభాగం అతని కండలలోనే వేడిగా మారిపోతుంది. చేతులు ఖాళీగా ఉంటవన్నమాట నిజమే, మాట మాత్రం సన్నబడుతుంది.

ఇంతవరకు చెప్పినవి ప్రకృతి పెట్టిన హద్దులు. వాడే పద్ధతిలోని లోపం ఇంకొకటి ఉన్నది. ఒక ఛానల్‌లో ఒకసారి ఒకరే మాట్లాడగలరు. ఇద్దరు ఒకేసారి మీట నొక్కితే ఏమవుతుంది? ఎఫ్.ఎం. గ్రాహకానికి ఒక స్వభావం ఉన్నది. రెండు సంకేతాలలో బలమైనదానిని పట్టుకొని, బలహీనమైనదానిని పూర్తిగా అణచివేస్తుంది. పాత పద్ధతిలోనైతే రెండు గొంతులూ కలిసి కీచుమని అరిచేవి. ఎవరో మరొకరు పిలుస్తున్నారని వినేవారికి తెలిసేది. ఎఫ్.ఎం.లో దగ్గరివాని మాట తేటగా వినబడుతుంది, దూరపువాడు పిలిచినట్టే తెలియదు. యుద్ధంలో గరగరలను తొలగించిన గుణమే ఇక్కడ ఆపదలో ఉన్నవాని కేకను మాయం చేస్తున్నది. ఎవరి మీటయినా జేబులో నొక్కుకుపోయి ఇరుక్కొంటే ఆ చుట్టుప్రక్కల అందరి నోళ్ళూ మూతబడినట్టే.

దీని పర్యవసానం ఎంతదూరం పోగలదో తెలుసుకోవాలంటే 2001 సెప్టెంబరు 11నాటి న్యూయార్కు ఉదంతాన్ని చూడాలి. ఆనాడు ప్రపంచ వాణిజ్య కేంద్రపు రెండు గోపురాలలోకి వెళ్ళిన అగ్నిమాపక దళంలో 343 మంది మరణించారు. వారిలో చాలామంది చేతులలో గట్టి రేడియోలే ఉన్నవి. 1993లో ఆ భవనంలోనే బాంబు పేలినప్పుడు ఉక్కు, కాంక్రీటు పొరలను దాటి చేతి రేడియోల మాట పై అంతస్తులకు అందలేదని తెలిసింది. అందుకని తరువాత ఒక పునఃప్రసార యంత్రాన్ని అమర్చారు. క్రిందినుంచి వచ్చిన బలహీనమైన మాటను అందుకొని, బలం పెంచి, మళ్ళీ వెదజల్లడం దాని పని. విచారణ సంఘం నివేదిక చెప్పిన ప్రకారం ఆ ఉదయం 8 గంటల 54 నిమిషాలకు ఉత్తర గోపురంలో దానిని పనిచేయించే మీటలలో ఒకటి నొక్కబడింది. అక్కడి ముఖ్య టెలిఫోనువంటి పరికరంనుంచి మాట్లాడాలంటే రెండవ మీట కూడా నొక్కాలి. దానిని ఎవరూ నొక్కలేదు. 9 గంటల 5 నిమిషాలకు అధికారులు పరీక్షించి చూచారు. ఆ పరికరంలో మాట వినబడలేదు. యంత్రం చెడిపోయిందనుకొని ఆ ఛానల్‌ను విడిచిపెట్టారు.

దక్షిణ గోపురంలోకి వెళ్ళినవారికి అదే ఛానల్ పనిచేసింది. బెటాలియన్ అధికారి ఒరియో పామర్ మెట్లెక్కుతూ 78వ అంతస్తుకు చేరి, అక్కడ చూచినదానిని, కావలసిన సహాయాన్ని రేడియోలో చెపుతూ ఉండగా ఆ మాటలు నమోదైనవి. అదే శాఖ, అదే చేతి రేడియో, అదే పునఃప్రసార యంత్రం. ఒక గోపురంలో మాట డెబ్బైయెనిమిది అంతస్తులు దాటింది. రెండవదానిలో నొక్కని మీట దగ్గర ఆగింది.

9 గంటల 59 నిమిషాలకు దక్షిణ గోపురం కూలింది. ఉత్తర గోపురంలో ఉన్నవారిని దిగిరమ్మని ఉత్తరువు వెళ్ళింది. కొందరికి అది వినబడలేదు. కొందరు వేరే ఛానల్‌లో ఉన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడడంతో కొన్ని మాటలు ఒకదానికింద ఒకటి నలిగిపోయినవి. విన్నవారిలో కొందరు గాయపడినవారిని విడిచి రాలేక నిలిచిపోయారు. 10 గంటల 28 నిమిషాలకు అదీ కూలింది. రేడియోల వైఫల్యం ఒక కారణమే కాని, ఉత్తర గోపురంలోని మరణాలకు అది ప్రధాన కారణం కాదని విచారణ సంఘం అభిప్రాయపడింది. ఆ తీర్పును మరువకూడదు. ఘోరమైన ప్రమాదాలకు ఒక వస్తువునే దోషిగా నిలబెట్టడం సులభం. అయినా ఆనాటి పెట్టెలలో క్రిందపడి పగలడంవల్ల వైఫల్యం వచ్చినదని ఎవరూ చెప్పలేదన్నది గమనించదగిన విషయం. లోపం గోడల మందంలోను, మీటల అమరికలోను, ఛానళ్ళ ఇరుకులోను ఉన్నది. పెట్టెమీది ఏ అంకె కూడా ఈ మూడింటినీ పరీక్షించదు.

అదే సంవత్సరం మార్చిలో ఆ శాఖకు కొత్త డిజిటల్ రేడియోలు ఇచ్చారు. కొద్దిరోజులలోనే, సహాయం కోసం పిలిచిన ఒక అగ్నిమాపకుని కేక దగ్గరివారికి వినబడకపోవడంతో వాటిని వెనక్కు తీసుకొని పాతవాటినే ఇచ్చారు. డిజిటల్ పద్ధతి మంచిది కాదనడానికి ఇది సాక్ష్యం కాదు. తక్కువ వెడల్పులో ఎక్కువ సంభాషణలు ఇమడడం, రహస్యంగా ఉండడం, ఎవరు మాట్లాడుతున్నదీ తెరపై కనబడడం దాని సుగుణాలు. కాని దానిలో మాటను అంకెలుగా మార్చే భాగం మనిషి గొంతును మనసులో పెట్టుకొని తయారైనది. రంపపు మోత, పంపు చప్పుడు, ఊపిరిముసుగు బుస కలిసివస్తే దానిని కూడా గొంతు అనుకొని ఏదో ఒక అర్థంలేని ధ్వనిగా మారుస్తుంది. 2008లో అమెరికాలో జరిగిన ప్రయోగశాల పరీక్షలలో, అటువంటి రొదలలో కొన్నిచోట్ల పాత ఎఫ్.ఎం. పద్ధతిలోనే మాట బాగా అర్థమైనట్టు తేలింది. దూరం పెరిగినకొద్దీ ఎఫ్.ఎం. మాట గరగరలాడుతూ సన్నగిల్లుతుంది. హద్దు దగ్గరపడిందని వినేవాడు గ్రహించి నాలుగడుగులు వెనక్కు వేస్తాడు. డిజిటల్ మాట చివరిదాకా తేటగా ఉండి హఠాత్తుగా తెగిపోతుంది. చావుబ్రతుకుల పనిలో ఉన్నవానికి ఆ గరగర ఒక హెచ్చరిక. దానిని తీసివేసినవారు దాని స్థానంలో మరొక హెచ్చరిక పెట్టవలెను.

వేడి సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2006లో ప్రకటించిన పరీక్షలలో, అగ్నిమాపకుని దుస్తులు తట్టుకొనే వేడిలోనే, బయట వ్రేలాడే చేతి రేడియోలు మొరాయించినవి. దళసరి కోటు జేబులో ఉంచినవి ఎక్కువ నిలిచినవి. కాని ముందే చెప్పినట్టు జేబులో పెడితే తరంగం ఒంటికి చిక్కుతుంది. కాపాడితే వినబడదు, వినిపించాలంటే కాలుతుంది. ఈ చిక్కును విప్పిన పెట్టెనే గట్టి పెట్టె అనాలి.

సింగరేణివంటి బొగ్గుగనులలో మరొకరకం గట్టితనం కావాలి. గనిగాలిలో మీథేను నూటికి 5 నుంచి 15 పాళ్ళ మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వకు పేలుతుంది. బ్యాటరీ మొనలు రాపాడినా ఆ రవ్వ పుట్టరాదు. అందుకని లోపలి విద్యుత్తును, వేడిని ఎప్పుడూ ఒక హద్దు దాటనీయకుండా నిర్మించి, తనిఖీ చేయించిన పెట్టెలనే గనిలోకి అనుమతిస్తారు. వాటికి బజారులో దొరికే మరొక బ్యాటరీ తగిలించడం ప్రాణాలతో చెలగాటం. అంత జాగ్రత్తపడినా రాతిపొరల గుండా మాట పోదు. కావాలనే అక్కడక్కడ సందులు విడిచిన తొడుగుగల కేబులును సొరంగం పొడవునా వేసి, అది కార్చే తరంగాలతో చేతి రేడియోలను కలుపుతారు. గనిలో యంత్రాన్ని నిలబెట్టేది చేతిలోని పెట్టె కాదు, గోడనంటి పోయే ఆ తీగ.

బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందని అడిగితే పద్ధెనిమిది అంటారు. అది నూటికి 5 పాళ్ళు మాట్లాడి, 5 పాళ్ళు విని, మిగిలిన 90 పాళ్ళూ ఊరకే ఉన్నప్పటి లెక్క. పద్ధెనిమిది గంటలలో మాట్లాడేది 54 నిమిషాలు. అయిదు వాట్లు వెదజల్లడానికి పెట్టె బ్యాటరీనుంచి పదకొండు వాట్ల దాకా పీలుస్తుంది. వరదనాడు, తుపాను రాత్రి ఎవరు అలా పొదుపుగా మాట్లాడతారు? మాట్లాడడం ఇరవై పాళ్ళు, వినడం ఇరవై పాళ్ళయితే ఆ బ్యాటరీయే అయిదారు గంటలలో ఖాళీ. కొత్త బ్యాటరీ సంగతి ఇది. నిండా ఛార్జి చేసి వేసవిలో జీపులో వదిలిపెట్టిన లిథియం బ్యాటరీ ఏడాది తిరిగేసరికే నీరసపడుతుంది. పదేళ్ళు నిలిచే పెట్టెలో మూడేళ్ళు నిలిచే ప్రాణం పెట్టి అమ్ముతున్నారు. మార్చుకొనే బ్యాటరీ ధర, దొరికే చోటు ముందుగా అడగనివారికి తరువాత తెలుస్తుంది.

ఇన్ని తప్పులు ఎన్నినా ఈ యంత్రం అనవసరమని ఎవరూ అనలేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు సెల్‌ఫోను గోపురాలు, కరెంటు స్తంభాలు ఒరిగిపోయి నగరం మూగబోయింది. సెల్‌ఫోను ఎంత ఖరీదైనదైనా ఊళ్ళో గోపురం లేకపోతే ప్రక్కింటికి కూడా మాట చేర్చదు. చేతి రేడియోకు మధ్యవర్తి అక్కరలేదు. పెట్టెనుంచి పెట్టెకే మాట. గూడ్సుబండిని తీసుకోండి. ఏడువందల మీటర్ల బండికి ఒక కొసన డ్రైవరు, ఒక కొసన గార్డు. అయిదు వాట్ల చేతి రేడియో ఆ దూరానికి చాలినంత. మాటలు కూడా కొద్ది, ముందే నియమితం. యంత్రానికి తగిన పని, పనికి తగిన యంత్రం అంటే అక్కడ కనబడుతుంది.

దూరం పెరిగితే వేరే సాధనం కావాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేనాటికి హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతి ప్రసాద్ బృందం పోర్టుబ్లెయిరులో ఉన్నది. టెలిఫోనులు తెగిపోయిన దీవులనుంచి, పదమూడువందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ప్రధానభూమికి వారు వార్తలు చేర్చగలిగినది నడుముకు తగిలించే పెట్టెతో కాదు. ఆకాశంలోని అయాన్ల పొరను తాకి తిరిగివచ్చే హ్రస్వతరంగాలతో. చేతి రేడియో తరంగం మామూలుగా ఆ పొరను చీల్చుకొని శూన్యంలోకి పోతుంది.

సొంతానికి కొనేవారు చట్టాన్ని కూడా తెలుసుకోవాలి. 2018నాటి నియమాల ప్రకారం మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జుల మధ్య, పరిమితమైన శక్తితో పనిచేసే చేతి రేడియోలకు లైసెన్సు అక్కరలేదు. పరికరానికి మాత్రం ప్రభుత్వ ఆమోదం ఉండాలి. తక్కినవాటికి అనుమతి కావాలి. ఆన్‌లైను అంగళ్ళలో ఈ భేదం చెప్పకుండా అమ్ముతున్నారని 2025 మేలో కేంద్ర వినియోగదారుల సంస్థ పదమూడు కంపెనీలకు నోటీసులిచ్చి, ఆ నెలాఖరుకు మార్గదర్శకాలు ప్రకటించింది. ఇది గుమాస్తాల పట్టింపు అని కొందరి ఫిర్యాదు. కాని ఎఫ్.ఎం. గ్రాహకం స్వభావం ఎరిగినవారు అలా అనరు. ఏ ఛానల్‌కైనా త్రిప్పగల చవక పెట్టెతో పిల్లవాడు ఆటకు నొక్కిన మీట, దగ్గరలో ఉన్నదనే కారణంచేత, ఆరు కిలోమీటర్ల అవతలి అంబులెన్సు మాటను చడీచప్పుడు లేకుండా తుడిచివేయగలదు. ఇద్దరిలో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

లైసెన్సు అక్కరలేని చిన్నపెట్టెను తీసిపారవేయనక్కరలేదు. 446 మెగాహెర్ట్జుల దగ్గర తరంగదైర్ఘ్యం 67 సెంటీమీటర్లు. నాలుగవ వంతు 17 సెంటీమీటర్లు. ఆ పొడవు ఏరియల్ చేతిలో హాయిగా ఇముడుతుంది. ఎస్.సి.ఆర్. 536 ఏనాడూ పొందని అదృష్టం అది. పొలంలోను, పందిట్లోను, కొండదారిలో ముందు నడిచేవారికీ వెనుక నడిచేవారికీ మధ్యను అది చక్కగా పనిచేస్తుంది. కొన్న రోజునే ఇద్దరు మనుషులు ఒక పూట వెచ్చించి, ఒకరు ఇంటి అరుగుమీద ఉండి, మరొకరు నాలుగు దిక్కులకూ నడిచి, మాట తెగిన చోటునల్లా కాగితంమీద గుర్తు వేసుకొంటే ఆ ఊరికి ఆ పెట్టె దూరమెంతో తెలుస్తుంది. పెట్టెను ఒకసారి నడుముకు తగిలించి, ఒకసారి నోటిదగ్గర ఎత్తి చూడాలి. ఈ పని మాఘంలో చేసినవారు శ్రావణంలో మళ్ళీ చేయవలెను. వానకు తడిసిన ఆకులు ఈ తరంగాలను బాగా త్రాగుతవి. వేసిన గుర్తులు ఇంటివైపు జరుగుతవి.